అండగా నిలవడం నేర్పిన పంతులు
రాజమండ్రి వీధుల్లో వీరేశలింగం శిష్యుల కాపలా

రాజమండ్రి: కందుకూరి వీరేశలింగం పంతులు పేరు వినగానే వితంతు వివాహాలు గుర్తుకు వస్తాయి. ఆ వివాహాలకు అండగా నిలిచిన వారిలో చాలామంది ఆయన వద్ద చదువుకున్న కుర్రవాళ్లేనన్న సంగతి మాత్రం నేటి పిల్లలలో చాలామందికి తెలియదు.

వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో జన్మించారు. నాలుగేళ్ల వయసులోనే తండ్రి సుబ్బారాయుడు మరణించారు. తల్లి పున్నమ్మ, పెదతండ్రి పెంపకంలో పెరిగారు. చదువు ముగించి కోరంగిలోను, ధవళేశ్వరంలోను బడిపంతులుగా పనిచేశారు. 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. అదే ఏడాది 'వివేకవర్ధని' పత్రిక ప్రారంభించి, కచేరీల్లో సాగుతున్న లంచాలను బయటపెట్టారు. తరువాత రాజమండ్రి కళాశాలలో తెలుగు పండితులుగా చేరారు.

మాటతోనే మొదలు

ఆ రోజుల్లో పసితనంలోనే పెళ్లి చేసేవారు. భర్త ముఖమైనా సరిగా చూడని పిల్ల, అతను పోతే జన్మంతా ఇంటి మూలన బతకవలసి వచ్చేది. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. అయినా ఈ ప్రాంతంలో ముందుకు వచ్చేవారు లేరు.

పంతులు గారు తొందరపడి ఎవరి మీదికీ వెళ్లలేదు. 1879లో వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనని బహిరంగ సభలో ఉపన్యసించారు. ఎదురు వాదించిన పండితులకు ప్రమాణాలు చూపి జవాబు చెప్పారు. ఆ ఉపన్యాసాలను అచ్చువేయించి పంచారు. వినేవారిలో విద్యార్థులు ఎక్కువ. దేనికోసం నిలబడుతున్నామో వారికి ముందే తెలిసింది.

కర్ర పట్టినా దెబ్బ కోసం కాదు

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో పంతులు గారి ఇంట మొదటి వివాహం జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన బాల వితంతువు గౌరమ్మ. ఖర్చులకు కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశారు.

ఊరంతా అట్టుడికింది. అల్లరి మూకలు పెళ్లి చెడగొడతాయన్న భయంతో పోలీసు బందోబస్తు కోరవలసి వచ్చింది. విద్యార్థులు కర్రలు చేతపట్టి కాపలా నిలిచారు. ఒకరిని కొట్టడానికి కాదు, పెళ్లివారి మీద ఎవరి చెయ్యీ పడకుండా చూడడానికి. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానితే పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరి నుంచి నీళ్లు మోసి, వంట చేసి పెట్టారు. నాలుగు రోజులకే, డిసెంబరు 15న, రెండో వివాహం కూడా జరిగింది.

నిలబడినందుకు ఖరీదు

దీని ఫలితం తేలికగా పోలేదు. పెళ్లిలో పాల్గొన్నవారిని కులం నుంచి వెలివేశారు. భోజనాలకు, శుభకార్యాలకు పిలుపులు ఆగిపోయాయి. ఒత్తిడికి తట్టుకోలేక కొందరు మిత్రులు ప్రాయశ్చిత్తం చేసుకొని తప్పుకున్నారు. పంతులు దంపతులు మాత్రం వెనక్కి తగ్గలేదు. ఆయన జీవితకాలంలో ఇలాంటి వివాహాలు సుమారు 40 జరిపించారు. వితంతువులకు ఆశ్రయం ఏర్పాటు చేశారు. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి తమ ఆస్తిని దానికి అప్పగించారు. రాజ్యలక్ష్మమ్మ 1910లో కన్నుమూశారు. పంతులు గారు 1919 మే 27న మద్రాసులో మరణించారు.

పిల్లలకు పాఠం

తోటి పిల్లను నలుగురు చేరి ఏడిపిస్తుంటే మనకెందుకులే అని తలదించుకు పోవడం ఒక తప్పు. నిజం తెలుసుకోకుండా కొట్లాటకు దిగడం మరో తప్పు. ఈ రెంటికీ నడుమ దారి ఏదో పంతులు గారి జీవితం చూపుతుంది. ముందు నిజానిజాలు తెలుసుకోవాలి. నోటితో చెప్పి చూడాలి. చాలకపోతే పెద్దల సాయం, చట్టం సాయం తీసుకోవాలి. ఒంటరిగా కాక పదిమందితో కలిసి, బాధలో ఉన్నవారి పక్కన నిలవాలి.

పెద్దలు ఇంట్లో ఎంత చెప్పినా, వారు చేసేదే పిల్లలు చూస్తారు. రాజమండ్రి కుర్రవాళ్లు కర్ర పట్టి వీధిలో నిలబడ్డారంటే, వారికంటే ముందు వారి పంతులు నిలబడ్డారు. ఆయన నివసించిన ఇల్లు రాజమండ్రిలో స్మారకంగా ఉంది. పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకువెళ్లి ఈ కథ చెప్పడం తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల బాధ్యత.