విలియం సీవర్డు

అమెరికాలో 1801లో జన్మించిన విలియం సీవర్డు, 1840లో న్యూయార్కు రాష్ట్రపు గవర్నరుగా, వలసవచ్చినవారి బిడ్డలకు వారి భాష నెరిగిన ఉపాధ్యాయులే బోధింపవలెనని కోరెను. మన పాఠశాలవారికి ఈ మాట ప్రియము గొల్పక మానదు.

1861లో అధ్యక్షుడు లింకను ఆయనను విదేశాంగమంత్రిగా నియమించెను. 1865 ఏప్రిల్ 14 రాత్రి దుండగు డొకడు లింకనును కాల్చెను; అదే వేళకు వాని అనుచరుడు, బండిప్రమాదమున దవడ విరిగి మంచము పట్టియున్న సీవర్డును కత్తితో పొడిచెను. లింకను మరణించెను, సీవర్డు బ్రతికెను.

క్రొత్త అధ్యక్షుడు తనవారిని తెచ్చుకొనుట వాడుకయైనను, జాన్సను ఆయనను ఆ పదవియందే నిలుపుకొనెను. ఈ జాన్సనే విముక్తులైన నల్లజాతివారి హక్కుల కడ్డుపడెను. చిరకాలము బానిసత్వము నెదిరించిన సీవర్డు ఆయన పక్షమునే వహించెను, పాతమిత్రులు దూరమైరి. వారి కోపము న్యాయమే.

1867లో రష్యానుండి అలాస్కాను 72 లక్షల డాలర్లకు కొనగా పలువురు నవ్విరి. 1869లో పదవి విడిచి, భూప్రదక్షిణము చేయుచు 1871లో భారతదేశమును దర్శించి, 1872లో కన్నుమూసెను.