పాడే బ్రేక్స్‌మన్ జిమ్మీ రోడ్జర్స్

పగలు డ్యూటీ, రాత్రి రిహార్సలు, మర్నాడు తెల్లవారుజామున మళ్లీ డ్యూటీ. ఇలా రైల్వేలో ఉద్యోగం చేస్తూనే పాటకూ, పద్యానికీ, నాటకానికీ పేరు తెచ్చినవారిని మన ఇన్‌స్టిట్యూట్లలో ఎందరినో చూశాం. అయితే గూడ్సు బండి మీద బ్రేక్స్‌మన్‌గా పనిచేసి, జబ్బు చేసి ఉద్యోగం వదులుకుని, ఆ తర్వాత ఆరేళ్లలోపునే తన దేశపు పల్లె సంగీతానికి ఆద్యుడనిపించుకున్న ఒక వ్యక్తి గురించి మన సభ్యుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. ఆయన అమెరికా దేశస్థుడు, పేరు జిమ్మీ రోడ్జర్స్. రైలు కుటుంబంలో పుట్టి, రైలు పాటలు పాడి, చివరికి రైలులోనే సొంత ఊరు చేరిన ఆ కళాకారుని జీవితాన్ని ఈ ప్రత్యేక సంచిక ద్వారా పరిచయం చేయడం సముచితమని భావిస్తున్నాను.

గ్యాంగు మధ్య బాల్యం

జిమ్మీ రోడ్జర్స్ 1897 సెప్టెంబరు 8న జన్మించాడు. ఆయన ఊరు మిసిసిపీ రాష్ట్రంలోని మెరిడియన్. అనేక రైలు మార్గాలు కలిసే జంక్షను అది. మన కాజీపేట, బిట్రగుంటల వలెనే ఆ ఊరి బతుకంతా రైలు చుట్టూ తిరిగేది. తండ్రి ఆరన్ రోడ్జర్స్ మొబైల్ అండ్ ఒహాయో రైలు కంపెనీలో లైను మరమ్మతు చేసే గ్యాంగుకు ఫోర్‌మన్. తండ్రి ఎప్పుడూ లైను మీదే. తల్లి కుర్రవాడికి ఆరేళ్ల ప్రాయంలోనే కన్నుమూసింది. బంధువుల ఇళ్లలో కొన్నాళ్లు, తండ్రి వెంట కొన్నాళ్లు పెరిగాడు. చదువు అంతంతమాత్రం.

పాట పిచ్చి మాత్రం చిన్ననాడే పట్టుకుంది. పన్నెండు పదమూడేళ్లకే ఊళ్లో పాటల పోటీలో నెగ్గాడు. వదినగారి దుప్పట్లు తీసుకుపోయి వాటితో గుడారం కట్టి ప్రదర్శనలిస్తూ ఊళ్లు పట్టుకు తిరిగాడు. మరోసారి తండ్రికి చెప్పకుండా ఆయన ఖాతాలోనే గుడారం గుడ్డ కొన్నాడు. రెండుసార్లూ తండ్రి వెళ్లి ఇంటికి తీసుకువచ్చాడు. ఇక లాభం లేదని తన గ్యాంగులోనే మంచినీళ్లు అందించే కుర్రవాడిగా పెట్టుకున్నాడు.

ఆ గ్యాంగులో పనిచేసేవారిలో ఎక్కువమంది నల్లజాతి కూలీలు. పట్టాలు మోసేటప్పుడు, గడ్డపారలతో లైను సరిచేసేటప్పుడు అందరి చేతులూ ఒకేసారి కదలాలి కనుక ఒకరు పాడితే తక్కినవారు అందుకునేవారు. గ్యాంగులతో పనిచేసిన మనవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు, మన లైను మీద కూడా పాట లేనిదే పట్టా కదిలేది కాదు. జిమ్మీకి సంగీత పాఠశాల అదే. బాంజో, గిటారు వాయించడం, బ్లూస్ అనబడే దుఃఖగీతాల ధోరణి ఆయనకు అబ్బింది వారి సాంగత్యంలోనే. జాతి విచక్షణ కరడుగట్టిన మిసిసిపీలో తెల్లవాడైన ఈ కుర్రవాడు ఆ పాటను నేర్చుకుని తర్వాత లోకప్రసిద్ధుడయ్యాడు. నేర్పిన కూలీల పేర్లు మాత్రం ఏ రికార్డు మీదా లేవు. ఆయనను మెచ్చుకునేటప్పుడు ఈ మాట కూడా చెప్పుకోవడం న్యాయం.

లైను మీద ఉద్యోగం

కొంత వయసు వచ్చాక అన్న వాల్టర్ సహాయంతో న్యూ ఆర్లియన్స్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్‌రోడ్‌లో బ్రేక్స్‌మన్ ఉద్యోగం దొరికింది. మెరిడియన్ నుంచి న్యూ ఆర్లియన్స్ వరకు లైను. వ్యాగన్లను జోడించడం, విడదీయడం, పాయింట్లు మార్చడం, రాత్రిళ్లు లాంతరు ఊపి డ్రైవరుకు సైగ చేయడం, కదిలే బండి ఎక్కడం, దిగడం ఆ పని. ఎండా వానా చలీ అన్నీ ఒంటి మీదే. ట్రాఫిక్ తగ్గితే ముందుగా ఇంటికి పంపేది కూడా సీనియారిటీ లేని ఇటువంటివారినే. అందువల్ల ఆయన ఉద్యోగం నిలకడగా సాగలేదు. పని లేని రోజుల్లో పాట, పాట లేని రోజుల్లో పని.

1917లో జరిగిన మొదటి వివాహం నిలవలేదు. 1920లో క్యారీ విలియమ్సన్‌ను వివాహమాడారు. మరుసటి సంవత్సరం అనీటా పుట్టింది. రెండో బిడ్డ జూన్ ఆరు నెలల పసిగుడ్డుగా 1923 డిసెంబరులో మరణించింది. ఆ దుఃఖం ఆరకముందే 1924లో ఆయనకు క్షయ అని డాక్టర్లు తేల్చారు. అప్పటికి వయసు 27.

క్షయకు మందు లేని కాలం

ఆ రోజుల్లో క్షయ అంటే ఏమిటో మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. అంతవరకు మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి తప్ప వేరే వైద్యం లేదు. మన మదనపల్లి దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో వెలసింది కూడా ఆ గాలి కోసమే. గాలి ఎక్కడైనా దొరుకుతుంది గాని, భార్యాబిడ్డలు గల కార్మికునికి విశ్రాంతి ఎక్కడ దొరుకుతుంది? సిక్ లీవు లేదు, లైట్ డ్యూటీ లేదు, పెన్షన్ లేదు. రోడ్జర్స్ ఫ్లోరిడాకు వెళ్లి మళ్లీ బ్రేక్స్‌మన్‌గా చేశారు. పొడిగాలి మేలు చేస్తుందని ఆరిజోనాలోని టుసాన్‌కు వెళ్లి సదరన్ పసిఫిక్ రైల్వేలో స్విచ్‌మన్‌గా చేశారు. ఎక్కడా ఏడాది నిలవలేకపోయారు. 1927 నాటికి ఆయన చేతిలో మిగిలింది గిటారొక్కటే.

బ్రిస్టల్‌లో ఒక రోజు

ఆ సంవత్సరం నార్త్ కెరొలినాలోని ఆష్‌విల్ చేరి, కొత్తగా వచ్చిన రేడియోలో టెనీవా రాంబ్లర్స్ అనే బృందంతో కలిసి పాడసాగారు. ఇంతలో విక్టర్ గ్రామఫోను కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే ఆయన బ్రిస్టల్ వచ్చి, పల్లె గాయకుల పాటలు రికార్డు చేస్తున్నారని తెలిసింది. టెనెసీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దు బ్రిస్టల్ ఊరి నడివీధిలోనే ఉంది. అందరూ కలిసి అక్కడికి చేరారు. తీరా రికార్డు మీద ఎవరి పేరు వేయాలన్న దగ్గర తగవు వచ్చి బృందం విడిపోయింది. నాటక సమాజాల్లో తిరిగిన మనకు ఇదేమీ కొత్త కాదు!

1927 ఆగస్టు 4న రోడ్జర్స్ ఒంటరిగా, ఒక్క గిటారుతో రెండు పాటలు పాడారు. ఒకటి యుద్ధంలో మరణించిన సైనికుని ప్రియురాలి గోడు, రెండోది జోలపాట. చేతికి వచ్చింది 100 డాలర్లు. అవే రోజుల్లో అక్కడే కార్టర్ కుటుంబం కూడా మొదటిసారి పాడింది. కంట్రీ సంగీతానికి జన్మస్థలంగా బ్రిస్టల్‌ను 1998లో అమెరికన్ కాంగ్రెస్ గుర్తించడానికి కారణం ఆ కొద్ది రోజులే.

మొదటి రికార్డు ఓ మాదిరిగా అమ్ముడుపోయింది. మళ్లీ పిలుపు వస్తుందని ఆయన ఎదురుచూస్తూ కూర్చోలేదు. పిలవకుండానే న్యూయార్క్ వెళ్లి, పాడడానికి సిద్ధంగా ఉన్నానని పీర్‌కు తెలియజేశారు. 1927 నవంబరు 30న న్యూజెర్సీలోని కామ్డెన్‌లో పాడిన పాటల్లో బ్లూ యోడల్ ఒకటి. అది లక్షల్లో అమ్ముడుపోయి దేశమంతటా మారుమోగింది.

యోడల్ అంటే

మామూలు గొంతుతో పాడుతూ ఒక్కసారిగా గొంతు విరిచి పై స్థాయిలో దొంగ గొంతుకు ఎగబాకి, మళ్లీ కిందికి దిగడమే యోడల్. ఆల్ప్స్ పర్వతాలలో పశువుల కాపరుల విద్య అది. రోడ్జర్స్ చేసినదల్లా నల్లజాతివారి బ్లూస్ చరణానికి ఈ పర్వత పలుకును తోకగా తగిలించడం. వినడానికి దూరాన పోయే రైలు ఈల వలె ఉంటుంది. మన కిశోర్ కుమార్ యోడలింగ్‌కు జిమ్మీ రోడ్జర్స్, టెక్స్ మార్టన్ రికార్డులే మూలమని సినీ సంగీతం ఎరిగినవారు చెబుతారు. ఆ విధంగా మెరిడియన్ గ్యాంగులోని గాలి మన ఇళ్లలో రేడియోల దాకా వీచిందన్నమాట.

1928లో పాడిన వెయిటింగ్ ఫర్ ఎ ట్రెయిన్ అన్న పాటను రైలు మనిషి తప్పక వినాలి. అందులో చేతిలో కానీ లేని ఒక నిరుపేద నీళ్ల ట్యాంకు పక్కన బండి కోసం కాచుకుని, టికెట్టు లేకుండా ఎక్కితే బ్రేక్స్‌మన్ దింపివేస్తాడు. పాడుతున్నది మాజీ బ్రేక్స్‌మన్, పాటలోని గోడు మాత్రం దిగిపోయినవాడిది. రెండు వైపులా నిలిచి చూసినవాడు కనుకనే ఆ పాట అంతగా తాకింది. 1929లో ఆయనకు రైల్వే టోపీ, దుస్తులు తొడిగి తీసిన చిన్న చిత్రానికి పాడే బ్రేక్స్‌మన్ అన్న అర్థం వచ్చే పేరే పెట్టారు.

1930 జులై 16న లాస్ ఏంజెలిస్‌లో తొమ్మిదో బ్లూ యోడల్ పాడినప్పుడు ట్రంపెట్ ఊదినది సాక్షాత్తు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, పియానో వాయించినది ఆయన భార్య లిల్. తెల్లవారు, నల్లవారు ఒకే బల్ల దగ్గర తినరాని కాలంలో ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని పాడారు. అయితే రికార్డు లేబుల్ మీద ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు వేయలేదు.

రాబడి, ఖర్చు

డబ్బు వరదలా వచ్చింది, అలాగే పోయింది. పొడిగాలికి, క్షయ ఆసుపత్రులకు పేరున్న టెక్సాస్‌లోని కెర్‌విల్‌లో 1929లో పెద్ద బంగళా కట్టించారు. కార్లు కొన్నారు. మార్టిన్ కంపెనీ గిటారు మీద తన పేరు చెక్కించుకున్నారు. గిటారు వెనుకవైపు ధన్యవాదాలు అని రాయించి, పాట ముగియగానే తిప్పి చూపేవారట. అడిగినవారికి లేదనేవారు కారు. పాత రైలు మిత్రులంటే మరీ ప్రాణం. 1931లో కరవు, మాంద్యం బాధితుల కోసం విల్ రోజర్స్ అనే ప్రసిద్ధ హాస్యనటునితో కలిసి ఊరూరా ప్రదర్శనలిచ్చారు.

ఆర్థిక మాంద్యంలో రికార్డుల అమ్మకాలు పడిపోయాయి, వైద్యం ఖర్చు పెరిగింది, బంగళా అమ్ముకుని శాన్ ఆంటోనియోలో చిన్న ఇంటికి మారారు. విశ్రాంతి తీసుకోమని డాక్టర్లు, పాడితేగాని గడవదని సంసారం. తన జబ్బు మీద తానే 1931లో టి.బి. బ్లూస్ పాడారు. క్షయ పేరెత్తితే ఇరుగుపొరుగు దూరమయ్యే రోజుల్లో తనకున్న రోగాన్ని పేరుతో సహా పాడడం సామాన్యమైన ధైర్యం కాదు.

చివరి వారం

1933 మే నెలలో, తన తర్వాత భార్యాబిడ్డలకు నాలుగు రాళ్లు మిగలాలని న్యూయార్క్ ప్రయాణమయ్యారు. వెంట ఒక నర్సు. మే 17 నుంచి రికార్డింగ్ మొదలైంది. స్టూడియోలో మంచం వేశారు. ఒక పాట పాడడం, మంచం మీద వాలడం, ఊపిరి కూడదీసుకుని మళ్లీ లేవడం. ఇలా దాదాపు 12 పాటలు పూర్తి చేశారు. మే 24న పాడినది ఆఖరి పాట. మే 26న తన హోటల్ గదిలో ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై కన్నుమూశారు. వయసు 35 ఏళ్లు.

శవపేటిక రైలులో మెరిడియన్ చేరింది. ఊరు సమీపిస్తుండగా డ్రైవరు ఈలను సన్నగా, దీర్ఘంగా ఊదుతూ బండిని స్టేషనులోకి తెచ్చాడని చెబుతారు. రైలు మనిషికి రైలు మనిషి అంతకన్నా ఏమి చేయగలడు?

ఆయన తర్వాత

ఆరేళ్లలో ఆయన పాడినవి 110 పాటలు మాత్రమే. ఎర్నెస్ట్ టబ్, హాంక్ స్నో, జీన్ ఆట్రీ వంటి గాయకులు ఆ బాటనే నడిచారు. భార్య క్యారీ ఆ పేరున్న గిటారును టబ్ చేతికిచ్చి ప్రోత్సహించింది. 1953 మే 26న, ఇరవయ్యో వర్ధంతినాడు, మెరిడియన్‌లో స్మారకచిహ్నం వెలసింది. అక్కడ ఒక ఆవిరి ఇంజనును కూడా నిలిపారు. 1961లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చిన మొదటి ముగ్గురిలో ఆయనొకరు. 1978లో తపాలా బిళ్ల విడుదలైంది.

పెన్షనర్లమైన మనకు ఆయన జీవితంలో మరొకటి కూడా కనిపిస్తుంది. అమెరికన్ రైల్వే కార్మికుల పెన్షన్ చట్టం మొదటిసారి వచ్చింది 1934లో, ఆయన పోయిన మరుసటి సంవత్సరం. దానిని అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేస్తే కార్మికులు పట్టు విడవక 1935, 1937లలో మళ్లీ సాధించుకున్నారు. జబ్బు పడిన రైల్వే కార్మికునికి భృతి ఇచ్చే ఏర్పాటు 1946 చట్టంతో గాని రాలేదు. ఈ సదుపాయాలు పదేళ్లు ముందుగా వచ్చి ఉంటే మెరిడియన్ బ్రేక్స్‌మన్ బహుశా ఇంటిపట్టున మరికొన్నేళ్లు బతికేవాడు. మనకు ఆ పాటలు దక్కేవో లేదో చెప్పలేం గాని, మంచం పక్కన మైకు పెట్టుకుని పాడవలసిన అగత్యం ఏ కార్మికునికీ రాకూడదు. మన మెడికల్ కార్డూ, ఫ్యామిలీ పెన్షనూ ఎవరో ఊరకే ఇచ్చినవి కావని మన పిల్లలకు చెప్పేటప్పుడు ఈయన కథ కూడా చెప్పవచ్చు. వీలైతే ఆ రైలు పాట ఒకటి వినిపించండి. ఈల ఏ దేశపుదైనా మన చెవికి వెంటనే తెలుస్తుంది.