హెరాల్డ్ వాగ్‌స్టాఫ్

ఇంగ్లండు దేశపు ఉత్తర భాగమున నున్న యార్క్‌షైర్, లాంకషైర్ మండలములు మిల్లులకును, బొగ్గుగనులకును ప్రసిద్ధి గాంచినవి. పందొమ్మిదవ శతాబ్దాంతమున అచ్చటి కార్మికులకు రగ్బీ ఆట యనిన ప్రాణము. కోడిగ్రుడ్డు ఆకారము గల బంతిని చేతబట్టి పరుగెత్తి, అడ్డగించువారిని తప్పించుకొని, ప్రత్యర్థుల గీతకు ఆవల నేలకు తాకించుట ఈ యాటలోని ముఖ్యాంశము. శనివారమునాడును పని యుండుటచే ఆటకు పోయిన కార్మికునికి కూలి పోయెడిది. ఆ కూలిని క్రీడాసంఘము లిచ్చుట కూడదని రగ్బీ పెద్దలు శాసించిరి. కలిగినవారికి అట్టి శాసనము చేయుట సులభమే! తుదకు 1895 ఆగస్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డ్ పట్టణములోని జార్జ్ హోటలులో ఉత్తరదేశపు సంఘములవారు సమావేశమై, నార్తర్న్ యూనియన్ అను వేరు సంఘమును స్థాపించుకొనిరి. పక్షమునకు పదుముగ్గురు ఆడెడి రగ్బీ లీగ్ దీనినుండియే పుట్టినది.

ఆ హడర్స్‌ఫీల్డ్ సమీపమున, హోల్మ్‌ఫర్త్ ప్రాంతమున, 1891 మే 19వ తేదీన హెరాల్డ్ వాగ్‌స్టాఫ్ జన్మించెను. బాల్యమున అండర్‌బ్యాంక్ అను స్థానిక సంఘమున ఆడెను. హడర్స్‌ఫీల్డ్ వారు అతనికి ఐదు బంగారు సవరనులిచ్చి తమ జట్టులో చేర్చుకొనిరి. 1906 నవంబరులో మొదటి పందెమాడునాటికి అతనికి పదునైదేండ్లు దాటి ఆరు నెలలైనను కాలేదు. పదునేడవ యేట ఇంగ్లండు పక్షమున ఆడెను. ఇరువదియేండ్ల ప్రాయమున హడర్స్‌ఫీల్డ్ నాయకుడయ్యెను. తానే బంతితో పరుగెత్తి పేరు పొందవలెనను తహతహ అతనికి లేదు. ప్రత్యర్థులను తనవైపు ఆకర్షించి, సరియగు క్షణమున తోడివానికి బంతి నందించుట అతని నేర్పు.

1914లో బ్రిటిష్ జట్టు ఆస్ట్రేలియాకు ఓడప్రయాణము చేసెను. ఇరువదిమూడేండ్ల వాగ్‌స్టాఫ్ దానికి నాయకుడు. మొదటి టెస్టున బ్రిటిష్ వారును, రెండవదానిలో ఆస్ట్రేలియనులును గెలిచిరి. ఆగస్టులో జరుగవలసిన మూడవ టెస్టును జూలై 4వ తేదీకే సిడ్నీలో ఆడవలెనని ఆతిథేయులు పట్టుపట్టిరి. ఎనిమిది దినములలో మూడు టెస్టులు! జట్టులో అనేకులు గాయపడి యుండుటచే బ్రిటిష్ జట్టు పెద్దలు అభ్యంతరము తెలిపిరి. కాని ఆడియే తీరవలెనని స్వదేశమునుండి తంతివార్త వచ్చెను. వేల మైళ్ల దూరమున కూర్చున్నవారికి ఆటగాండ్ర గాయములు కనబడవు కదా!

ఆట ఆరంభమైన కొలది నిమిషములకే ఫ్రాంక్ విలియమ్స్ కాలు మెలిపడెను. డగ్లస్ క్లార్క్ బొటనవ్రేలు విరుగగా కట్టు కట్టించుకొని మరల ఆడెను. పిదప అతని జత్రుకాస్థి విరిగెను. అప్పటికిని అతడు తిరిగి రాబోయి, బాధకు తాళలేక మరలెను. బిల్లీ హాల్ తలకు దెబ్బ తగిలి మైదానము విడిచెను. గాయపడినవానికి మారుగా మరియొకని దింపుటకు ఆనాటి నిబంధనలు ఒప్పుకొనవు. పదుముగ్గురి నెదుర్కొనుటకు పదుగురే మిగిలిరి.

అలలవలె వచ్చిపడు ఆస్ట్రేలియనులను ఆ పదుగురు మరల మరల పడగొట్టిరి. వాగ్‌స్టాఫ్ మాత్రము కాచుకొనుటతో తృప్తి పడలేదు. సందు దొరకినంతనే ప్రత్యర్థుల వరుసను చీల్చుకొని పోయి, చిక్ జాన్సన్‌కు బంతి నందించెను. జాన్సన్ బలముతో త్రోసెడి ఫార్వర్డ్. మనుష్యులు చాలక ఆనాడు అంచున నిలిచినవాడు. అతడు బంతిని నేలపై కాలితో తట్టుచు గీత దాటించి, దానిపై పడెను. తుదకు బ్రిటిష్ వారు 14–6తో గెలిచిరి. 1879లో దక్షిణాఫ్రికాలో జూలూ మహాసేనకు ఎదురు నిలిచిన చిన్న బ్రిటిష్ దళమును తలచి, ఈ పందెమునకు రోర్క్స్ డ్రిఫ్ట్ టెస్టు అని పేరిడిరి. ఒక ఆటను యుద్ధముతో పోల్చుట అతిశయోక్తియే. ఒక నెలలోపుగనే నిజమైన యుద్ధము వచ్చెను.

1914–15లో అతని నాయకత్వమున హడర్స్‌ఫీల్డ్ తనకు అందుబాటులో నున్న నాలుగు బహుమతులను గెలిచెను. పిదప వాగ్‌స్టాఫ్, క్లార్క్ మున్నగువారు సైన్యమున చేరిరి. కూలి పుచ్చుకొన్నవారని వెలివేసిన రగ్బీ యూనియన్ వారు, యుద్ధకాలమున మాత్రము సైనికజట్లలో వారితో కలిసి ఆడుటకు అంగీకరించిరి. విరిగిన యెముకతో ఏడ్చిన క్లార్క్ యుద్ధరంగమున మిలిటరీ పతకము పొందెను.

యుద్ధానంతరము వాగ్‌స్టాఫ్ 1920లో మరల జట్టును ఆస్ట్రేలియాకు కొనిపోయెను. ఈసారి ఓటమి తప్పలేదు. 1921–22లో స్వదేశమున ఆ ఓటమిని తీర్చుకొనెను. 1939 జూలైలో, నలువదియెనిమిదేండ్లకే మరణించెను. 1988లో రగ్బీ లీగ్ వారు తమ కీర్తిమందిరమునకు మొదట ఎన్నుకొనిన తొమ్మండుగురిలో అతని పేరు కలదు.