కణం లోపల సుబ్బారావు గారు

మాది పెదపారుపూడి. గుడివాడలో రైలెక్కితే నేరుగా భీమవరంలో దిగొచ్చు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న పుట్టింది అక్కడే. ఈ సెమిస్టర్‌లో కణాల వృద్ధాప్యం గురించి చదువుతుంటే ఆయన పని నాకు రెండు చోట్ల తగిలింది. అందుకే ఇది రాస్తున్నా.

ఆయన మెట్రిక్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. తనకూ అదే జబ్బు చేస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. 1922లో బోస్టన్ వెళ్ళిపోయారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఇచ్చారు. ఆ దారిలోనే 1929లో ఏటీపీ దొరికింది. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకెళ్ళిన స్ప్రూకి అది మందైంది. కానీ వాళ్ళకు అందలేదు.

ఇక నా పాఠం. ఒక్కో కణంలో దాదాపు 2 మీటర్ల డీఎన్ఏ ఉంటుంది. పెడన మగ్గాల దగ్గర కండెకు నూలు చుట్టినట్టు అది హిస్టోన్ ప్రోటీన్లకు చుట్టుకుని ఉంటుంది. దాన్నే క్రోమాటిన్ అంటాం. ఆ చుట్టలను జరిపే యంత్రాలకు ఇంధనం ఏటీపీ. ఏ జన్యువు పలకాలో, ఏది ఊరుకోవాలో చెప్పే మిథైల్ గుర్తులు డీఎన్ఏ మీద పడాలంటే ఫోలేట్ కావాలి. రెండూ ఆయన చేయిపడ్డవే!

వయసు మీదపడేకొద్దీ బిగువుగా ఉన్న చుట్టలు సడలుతాయి. మిథైల్ గుర్తులు కొన్నిచోట్ల చెరుగుతాయి, కొన్నిచోట్ల కొత్తగా పడతాయి. ఊరుకోవాల్సిన జన్యువులు పలకడం మొదలుపెడతాయి. 2013లో స్టీవ్ హోర్వాత్ 353 చోట్ల ఆ గుర్తులను లెక్కగట్టి మనిషి వయసు అంచనా వేసే పద్ధతి చూపించారు.

సుబ్బారావు గారు ఇవేవీ చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే పోయారు. డీఎన్ఏ మెలిక ఆకారం బయటపడింది ఇంకో ఐదేళ్ళకి. ఫోలిక్ ఆసిడ్ మింగితే ముసలితనం ఆగుతుందని నేను చెప్పట్లేదు, ఆయనా చెప్పలేదు. ఆయన వెతికింది మనిషిని అకాలంగా చంపే జబ్బులకు మందు. ఇవాళ మా ఊళ్ళో గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆసిడ్ కూడా ఉంటుంది. కడుపులో బిడ్డ కణాలు కొత్త డీఎన్ఏ అల్లుకునేది దాని సాయంతోనే.