అనుకంపయే తొలి పాఠము: శ్రీ బాబా ఆమ్టే జీవితము

ప్రాణహిత గోదావరిలో కలియు సిరొంచ ప్రాంతమున తెలుగు మాట్లాడు కుటుంబములు అనేకము గలవు. అదే గడ్చిరోలి జిల్లాలో, భామ్రాగడ్ అడవులలో, హేమల్‌కసా అను గ్రామమున ఒక వైద్యశాల కలదు. దానికి మూలపురుషుడు వైద్యుడు కాడు; వకీలు.

శ్రీ మురళీధర్ దేవిదాస్ ఆమ్టే 1914 డిసెంబరు 26న హింగన్‌ఘాట్‌లో సంపన్న కుటుంబమున జన్మించినారు. వరోరాలో న్యాయవాదిగా పేరు గడించినారు. ఒకనాడు దారిప్రక్కన, కుష్ఠు ముదిరి వ్రేళ్లు పోయిన తులసీరామ్ అను రోగిని చూచి, భీతిచే పారిపోయినారు. ఎవరికిని జంకని తాను ఒక దీనుని చూచి పరుగెత్తితిననే సిగ్గు వారిని వదలలేదు. తిరిగి వెళ్లి, ఆతనికి నీడ కల్పించి, స్వహస్తములతో పరిచర్య చేసినారు.

పిదప 1949లో కలకత్తా ఉష్ణమండల వైద్య విద్యాలయమున కుష్ఠు చికిత్స అభ్యసించినారు. ఆ రోగక్రిమి ప్రయోగశాలలో పెరుగదు. కావున పరిశోధనకై తన శరీరములోనికే దానిని ఎక్కించుటకు ఒప్పుకొన్నారు. రోగము సోకలేదు. మానవులలో అత్యధికులకు దానిని తట్టుకొను శక్తి సహజముగనే ఉన్నదని నేడు వైద్యులు ఎరుగుదురు. లోకమును పీడించినది క్రిమికంటె భయమే.

వరోరా చెంత వెలసిన ఆనందవనమునకు మూలధనము 14 రూపాయలు, ఒక కుంటి ఆవు, ఆరుగురు రోగులు. రోగులే బావి త్రవ్వి, సేద్యము చేసి, తమ అన్నము తాము సంపాదించుకొన్నారు. భిక్షమెత్తిన చేతులకు పని కల్పించుట కూడ చికిత్సయేనని వారు గ్రహించినారు.

1973 డిసెంబరులో మాడియా గోండుల కొరకు హేమల్‌కసాలో సేవాకార్యము ఆరంభించినారు. కుమారుడు డాక్టరు ప్రకాశ్ నాగపూరులో శస్త్రవైద్య ఉన్నత విద్యను విడిచి, భార్య డాక్టరు మందాకినితో అచటికి చేరినారు. విద్యుత్తు లేని గుడిసెలో కాపురము. క్రొత్తవారిని చూచి గిరిజనులు దగ్గరకు రాలేదు. ఆ దంపతులు ముందుగా మాడియా భాష నేర్చినారు; తరువాతనే రోగులు వచ్చినారు.

వెన్నెముక వ్యాధిచే కూర్చుండలేక, నిలుచుండియో పరుండియో పనిచేసిన బాబా ఆమ్టేకు 1985లో మెగసెసే పురస్కారము లభించినది. వారు 2008 ఫిబ్రవరి 9న ఆనందవనమున కన్నుమూసినారు.

సమ్యక్త్వ లక్షణములలో అనుకంప ఒకటి. బిడ్డలను వైద్యవిద్యకు పంపు తలిదండ్రులు ఈ కథ చెప్పి పంపవలెను. రోగిని తొలిసారి తాకునపుడు వెనుకాడుట దోషము కాదు. వెనుకకు తిరిగి రాకపోవుటయే దోషము.