పేరు మార్చిన పెద్దమనిషి – భాగ్యరెడ్డి వర్మ



మన అధ్యక్ష మండలపు ఈ శతవార్షికోత్సవ సంచికలో మిషనరీల చరిత్రలు, ఉపదేశకుల చరిత్రలు మీరు చదువుతారు. మేము వ్రాయబూనినది క్రైస్తవుడు కాని ఒక వ్యక్తిని గూర్చి. ఆయన ఆర్యసమాజముతోను బ్రహ్మసమాజముతోను కలిసి పనిచేసి, తరువాతి కాలంలో బుద్ధుని వైపు మొగ్గినవారు. అయినను మా మియాపూర్ సంఘములో గత సంవత్సరం జరిగిన ఒక సంగతి వలన ఆయన చరిత్రను మరల తీసి చదువవలసి వచ్చింది. ఆ సంగతి తరువాత చెప్పుకొందుము.

మాదరి భాగయ్య 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో జన్మించారు. తండ్రి వెంకయ్య, తల్లి రంగమ్మ. ఆ కుటుంబపు గురువు వచ్చి, ఈ బిడ్డను భాగయ్య అని కాక భాగ్యరెడ్డి అని పిలువుమన్నారట. ఈ నేలకు మొదటి యేలికలు మీ పూర్వీకులే గనుక రెడ్డి అను మాట మీకు చెల్లునని ఆయన భావము. వాడలో పుట్టిన బిడ్డకు పెద్ద కులపు పేరు పెట్టుట ఆ కాలములో ఎంత సాహసమో గ్రామాలనుండి వచ్చిన మన పెద్దలకు చెప్పనక్కరలేదు. వర్మ అను బిరుదు 1913లో ఆర్యసమాజము వారు ఇచ్చినది.

యౌవనములో ఆయన ఒక రోమన్ కాథలిక్ బారిస్టరుగారి ఇంట పనికి కుదిరారు. గ్రామములో అయితే తండ్రి చేసిన వెట్టియే కొడుకునకు వచ్చేది. పట్టణములో పని మారితే మనిషి నడక కొంత మారుతుంది. నాటి హైదరాబాదు భాగ్యరెడ్డిగారికి ఆపాటి సందు ఇచ్చింది. ఆ సందులోనుండి ఆయన తనవారందరినీ నడిపింపజూచారు.

1906లో, పదునెనిమిదేండ్ల వయస్సున, జగన్మిత్ర మండలిని స్థాపించారు. అక్షరము రాని ప్రజలకు కరపత్రములు పంచి ఏమి లాభము? గనుక హరికథలు, భజనలు పెట్టించారు. కథకు కూడిన జనముతో త్రాగుడు మానుమని, జాతరలలో జంతుబలులు వలదని, ఆడపిల్లలను బసివిగా జోగినిగా విడువరాదని చెప్పించేవారు. పరులను నిందించుట తేలిక. తన వాడలోని పెద్దలు దేవత పేరిట చేయుదానిని తప్పని వారి ఎదుటనే చెప్పుట తేలిక కాదు. జోగిని ఆచారమును నిషేధించు చట్టము ఆంధ్రప్రదేశ్‌లో 1988లో గాని రాలేదు. అప్పటికి ఆయన చనిపోయి 49 సంవత్సరములు.

1910లో ఇసామియా బజారులోను లింగంపల్లిలోను పిల్లలకు బడులు తెరిచారు. (ఈ లింగంపల్లి మన ప్రక్కనున్న రైలు స్టేషను లింగంపల్లి కాదు, కాచిగూడ వైపుది. మా యువజనులు పొరబడినందున వ్రాస్తున్నాము.) రాజ్యభాష ఉర్దూ అయిన ఆ దినములలో ఆ పిల్లలకు తెలుగులో పాఠములు చెప్పించారు. 1933 నాటికి అవి 26 పాఠశాలలై, 2,500 మంది పిల్లలు చదువుచుండిరి. తరువాత నిజాం ప్రభుత్వము వాటిని తన చేతిలోనికి తీసికొన్నది.

అయితే ఆయన చేసిన కార్యములలో మమ్ములను ఎక్కువగా ఆకర్షించినది 1917 నవంబరులో బెజవాడ మైలవరం నాటకశాలలో జరిగిన సభ. సభకు పెట్టిన పేరు పంచమ మహాసభ. అధ్యక్షులుగా వెళ్లిన భాగ్యరెడ్డి వర్మగారు మొదట ఆ పేరునే తప్పుపట్టారు. నాలుగు వర్ణములు చెప్పిన శాస్త్రములలో ఐదవది లేదు గనుక ఈ మాట తమకు అంటగట్టినదని, తమవారు ఈ దేశపు ఆదిమ నివాసులని వాదించారు. ఆ సభ అక్కడే ఆది ఆంధ్ర మహాజన సభ అయినది. సభ జరిగిన మూడు దినములు కనకదుర్గ గుడి తలుపులు మూసివేశారు. నాటకశాలలో పేరు మారింది గాని కొండమీద భయము మారలేదు.

పేరు మారితే ఏమి మారునని మీరు అడుగవచ్చును. 1922లో మద్రాసు ప్రభుత్వము పంచమ అను మాటను తీసివేసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అను పేర్లను అంగీకరించింది. ఆ సంవత్సరమే హైదరాబాదులో ఆయన మన్య సంఘము ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయినది. 1931 జనాభా లెక్కలలో నిజాం రాజ్యములోను ఆది హిందువులు అను పేరు చేరింది. ప్రజలు తమను తాము ఏమని పిలుచుకొనిరో సర్కారు లెక్కలు దానినే వ్రాసికొన్నవి. ఆ లెక్కలు చూపి మరల ప్రజలు బడులు, ఉద్యోగములు అడిగారు.

అయితే క్రొత్త పేరుకు పాత మురికి అంటుకొనదని చెప్పలేము. కొన్నాళ్లకు ఊరు ఆ క్రొత్త పేరునే పాత స్వరముతో పలుకుతుంది. అందుకే కాబోలు, ఆయన పేరుతో ఆగలేదు. ఊరూర తిరిగి 3,000కు పైగా ఉపన్యాసములు ఇచ్చారు. భాగ్యనగర్ అను పత్రిక నడిపారు. తన కుమారునికి గౌతమ్ అని పేరు పెట్టారు. 1939 ఫిబ్రవరి 18న, ఏబది ఏండ్లు మాత్రమే నిండిన వయస్సులో, కన్నుమూశారు.

ఇక మా సంగతి. మియాపూర్ సంఘములో అధికులు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, లేదా వారి తలిదండ్రులు. అపార్టుమెంటులో నీ వాడ ఏది అని ఎవరును అడుగరు. ఇంటిపేరు అడుగుతారు, ఏమి వండుకొంటారని అడుగుతారు, అంతటితో తెలిసికొనవలసినది తెలిసికొంటారు. ఇది లోకము తీరు అని మేము ప్రసంగములలో చెప్పుచుండెడివారము. గత సంవత్సరం మన బడిలోనే సండేస్కూలు చదివిన ఇద్దరు పిల్లలు పెండ్లి ప్రకటన చదువుమని మా యొద్దకు వచ్చారు. ఇద్దరును బాప్తిస్మము పొందినవారే, ఇద్దరి తాతలును ఉపదేశకులే. అయితే వారి తాతలు వచ్చిన వాడలు వేరు. ఆ రాత్రి రెండు వైపుల పెద్దలును మా ఇంటికి వచ్చారు. మేము మూడు ఆదివారములు ఆగుదమన్నాము. తరువాత మరి మూడు. ఏడవ వారము ఆ పిల్లలు రిజిస్ట్రారు ఆఫీసులో పెండ్లి చేసికొన్నారు.

క్రిస్మస్ తరువాత యువజనులను మియాపూర్ స్టేషనులో మెట్రో ఎక్కించి తీసికొనిపోయినాము. బండి మారకుండా ఎం.జి. బస్ స్టేషనులో దిగి చాదర్‌ఘాట్ చేరవచ్చును. భాగ్యరెడ్డి వర్మగారి ఆది హిందూ భవనము అక్కడనే. పెండ్లి చేసికొన్న ఆ ఇద్దరిని కూడ పిలిచినాము. ఆమె వచ్చింది, అతడు రాలేదు.

మరుసటి వారము పాస్టరేటు ఆఫీసులో పెండ్లి సంబంధముల ఫారములు తీసి చూచినాము. పేరు, వయస్సు, ఉద్యోగము తరువాత కులము అను గడి ఉన్నది. దానిని అచ్చు వేయించినది మేమే. ఆ గడిని కొట్టివేసి క్రొత్త ఫారములు వేయించినాము. ఇప్పటికి రెండు కుటుంబములు తమ పిల్లల ఫారములను వెనుకకు తీసికొనిపోయినవి.