క్యాన్సర్ ఔషధాలకు బాట వేసిన యల్లాప్రగడ

రోగనిరోధక కణాలను ప్రయోగశాలలో వృద్ధిచేసి, క్యాన్సర్‌పై ప్రయోగించే చికిత్సలు నేడు అందుబాటులోకి వస్తున్నాయి. రక్త క్యాన్సర్‌ను మందులతో నిలువరించవచ్చన్న తొలి ఆశ కలిగించిన వారిలో ఒకరు తెలుగువారైన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. ధ్రువపత్రమే దక్కింది. అమెరికా చేరి, హార్వర్డ్‌లో పరిశోధనలు సాగించి, 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరారు.

ఆయన సోదరులను బలిగొన్నది స్ప్రూ అనే పేగుల వ్యాధి. ఆ వ్యాధికి మందుగా ఉపకరించే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945 నాటికి కృత్రిమంగా తయారుచేసింది. కణాల వృద్ధికి అవసరమైన ఆ విటమిన్‌నే అడ్డుకుంటే క్యాన్సర్ కణాలూ ఎదగలేవు. ఈ సూత్రంపై రూపొందినదే అమినోప్టెరిన్. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దానిని రక్త క్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం లభించినట్లు 1948 జూన్‌లో వెల్లడైంది.

అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు కన్నుమూశారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో వాడుకలో ఉంది.